డబ్బా ముందు మాటలు, వెనుక మాటలు: చర్మానికి ఏది కొనాలి, ఏది వదిలేయాలి

హైదరాబాద్ అమీర్‌పేటలో ఏ కాస్మెటిక్స్ షాపు మెట్లెక్కినా, ఫోన్లో ఏ యాప్ తెరిచినా ఫేస్‌వాష్, టోనర్, ఎసెన్స్, సీరమ్ అంటూ వరసలు కట్టి నిలబడతాయి. ఏది మంచిదని అడిగితే కౌంటర్‌లో అమ్మాయి ఆ నెల టార్గెట్ ఏ కంపెనీదో దాన్నే చేతికిస్తుంది. ఆమె ఉద్యోగం అది, తప్పు పట్టలేం. కొనేవాళ్లు మాత్రం డబ్బాను ఒకసారి వెనక్కి తిప్పి చూసుకోవాలి. ముందువైపు మాటలు రాసేది అమ్మకాల విభాగం. వెనుకవైపువి రాయించేది చట్టం.

మన దేశంలో ఫేస్‌వాషులు, క్రీములు, సన్‌స్క్రీన్లు 1940 నాటి డ్రగ్స్ అండ్ కాస్మెటిక్స్ చట్టం కింద కాస్మెటిక్స్ లెక్కలోకి వస్తాయి. శుభ్రం చేస్తాను, అందంగా కనిపించేలా చేస్తాను అని చెప్పుకోవడానికి వాటికి హక్కుంది. జబ్బు నయం చేస్తానంటే అది మందు అవుతుంది, మందుకు లైసెన్సు వేరు, పరీక్షలు వేరు. ప్రకటనల భాష అంత ఒడుపుగా ఉండేది అందుకే. 'మచ్చలు పోతాయి' అనరు, 'మచ్చలు తగ్గినట్టు కనిపిస్తాయి' అంటారు. 'పదిమందిలో తొమ్మిదిమంది ఒప్పుకున్నారు' అన్న వాక్యం పక్కన చిన్న చుక్క గుర్తుంటుంది. దాని వెంట డబ్బా అడుక్కి వెళితే ఎంతమందిని అడిగారో భూతద్దం అక్షరాల్లో దొరుకుతుంది. ఆ తొమ్మిదిమంది చర్మాన్ని ఎవరూ కొలిచి ఉండరు, 'మీకెలా అనిపించింది' అని అడిగి ఉంటారు. 'డెర్మటాలజికల్లీ టెస్టెడ్' అంటే పరీక్ష జరిగిందనే, ఫలితం ఏమొచ్చిందో అందులో లేదు. 'నేచురల్' మాటకు కాస్మెటిక్స్‌లో గట్టి నిర్వచనం లేదు. ఉమ్మెత్తకాయ కూడా నేచురలే.

వెనుకవైపు పదార్థాల పట్టిక చదవడానికి కెమిస్ట్రీ డిగ్రీ అక్కర్లేదు. ఒక శాతం కంటే ఎక్కువున్నవాటిని ఎక్కువ నుంచి తక్కువకు వరసగా రాయాలి. ఒక శాతం, అంతకు లోపున్నవాటిని ఆ తర్వాత ఎలాగైనా రాసుకోవచ్చు. ఫినాక్సీఇథనాల్ అనే ప్రిజర్వేటివ్ చాలా క్రీముల్లో ఉంటుంది, దాన్ని సాధారణంగా ఒక శాతం మించి వేయరు. ముందువైపు కుంకుమపువ్వు బొమ్మ నిండుగా ఉండి, పట్టికలో కుంకుమపువ్వు ఈ ఫినాక్సీఇథనాల్ తర్వాత ఎక్కడో కనిపిస్తే మీరు కొన్నది బొమ్మనే. పైన పటారం, లోన లొటారం.

సబ్బా, ఫేస్‌వాషా

సబ్బు రేపర్ మీద టీఎఫ్ఎం అని ఒక శాతం ఉంటుంది, అందులో కొవ్వు ఆమ్లాలు ఎంతో చెప్పే అంకె అది. భారతీయ ప్రమాణాల సంస్థ బీఐఎస్ లెక్క ప్రకారం 76 శాతానికి తగ్గకపోతే గ్రేడ్ 1, 70కి తగ్గకపోతే గ్రేడ్ 2, 60కి తగ్గకపోతే గ్రేడ్ 3. ఇంకా తక్కువున్నవి టాయిలెట్ సోప్ కిందికి రావు, 'బేతింగ్ బార్' అన్న పేరుతో అమ్ముడవుతాయి, వాటికి 40 శాతం చాలు. ఇంటిల్లిపాదికీ ఒంటి సబ్బు కొనేటప్పుడు ఈ అంకె పనికొస్తుంది. మైసూర్ శాండల్ లాంటి పాతకాలపు సబ్బు గ్రేడ్ 1లో ఉంటే, సినిమా తార నవ్వుతున్న ఖరీదైన రేపర్ మీద గ్రేడ్ 3 అని ఉండొచ్చు.

అయితే టీఎఫ్ఎం ఎక్కువున్నంత మాత్రాన చర్మానికి మెత్తగా ఉంటుందని కాదు. సబ్బు ఏదైనా క్షారమే, ఆమ్లమో క్షారమో చెప్పే కొలత అయిన పీహెచ్ 9, 10 దగ్గర ఉంటుంది. చర్మం పైపొర పీహెచ్ 5 దగ్గర. సబ్బు కాని క్లెన్సర్లతో చేసే సిండెట్ బార్లలో టీఎఫ్ఎం తక్కువే, కానీ పీహెచ్‌ను చర్మానికి దగ్గరగా తేవచ్చు. 2021 జనవరిలో సెబామెడ్ అనే బ్రాండు తన పీహెచ్ 5.5 అని చెబుతూ లక్స్, పియర్స్, డవ్ అంకెలను పక్కన పెట్టి ప్రకటనలు వేస్తే హిందుస్థాన్ యూనిలీవర్ బాంబే హైకోర్టుకెక్కింది. బట్టల సబ్బు రిన్‌ను మధ్యలోకి లాగిన భాగం తీసేయమని, మిగతా పోలిక ఉంచుకోవచ్చని కోర్టు చెప్పింది. అంకెలు సరే. కానీ ఆరోగ్యంగా ఉన్న చర్మం సబ్బుతో కడిగాక కొన్ని గంటల్లో తన పీహెచ్‌కు తనే తిరిగొస్తుంది. ఆ తేడా నిజంగా తగిలేది ఎగ్జిమా ఉన్నవాళ్లకు, బాగా పొడి చర్మం వాళ్లకు, మొటిమల మందులు వాడుతున్నవాళ్లకు. నిజమైన అంకెను కూడా అందరికీ అవసరమన్నట్టు అమ్మొచ్చు.

మన ఊళ్లో పీహెచ్ కంటే పెద్ద సంగతి నీళ్లు. కృష్ణా, మంజీరా నీళ్లు వచ్చే ఇళ్లలో గొడవ తక్కువ. నిజాంపేట్, కొండాపూర్ వైపు చాలా అపార్ట్‌మెంట్లకు బోరే దిక్కు, ఎండాకాలం వస్తే ట్యాంకరు. నీటి కాఠిన్యం లీటరుకు 200 మిల్లీగ్రాముల లోపుండాలని, వేరే దారి లేకపోతే 600 దాకా పరవాలేదని బీఐఎస్ తాగునీటికి గీత గీసింది. కాఠిన్యం ఎక్కువైన నీళ్లలో కాల్షియం, మెగ్నీషియం సబ్బుతో కలిసి తెట్టు కడతాయి. బకెట్ అంచుకు పట్టే ఆ తెల్లటి తెట్టే ఒంటి మీదా మిగులుతుంది. స్నానం అయ్యాక ఒళ్లు బిగుసుకుపోయి దురద పెడుతుంటే కొత్త లోషన్ వెతికేముందు సిండెట్ బారుకో లిక్విడ్ క్లెన్సర్‌కో మారి చూడండి, వాటితో ఆ తెట్టు కట్టదు.

ముఖానికి? అర నిమిషం ఉండి డ్రైనేజీలో కలిసేదానిలో విటమిన్ సి ఉన్నా ఒకటే, బంగారు రేణువులున్నా ఒకటే. చవకది, కడిగాక ముఖం లాగేయనిది తీసుకోండి, చాలు. మొటిమలున్నవాళ్లకు మాత్రం కాస్త మినహాయింపు: సాలిసిలిక్ ఆమ్లం, బెంజాయిల్ పెరాక్సైడ్ నిజంగా పనిచేసే పదార్థాలు. బెంజాయిల్ పెరాక్సైడ్ 2.5 శాతం జెల్ మొటిమల మీద 10 శాతం జెల్‌కు దీటుగా పనిచేస్తుందని, మంట తక్కువని ఎప్పుడో తేలింది. పెద్ద అంకె చూసి మురిసిపోవద్దు. దిండు గలీబులకు తెల్ల మచ్చలు పడతాయన్నది ఇంకో సంగతి, అది బట్టల రంగును లాగేస్తుంది.

మాయిశ్చరైజర్: ఇక్కడ చవకదే గెలుస్తుంది

మాయిశ్చరైజర్ చేసే పనులు మూడు. నీటిని పట్టి ఉంచడం గ్లిజరిన్ పని. పైపొరను మెత్తబరచడం నూనెల పని. నీరు ఆవిరైపోకుండా మూత వేయడం పెట్రోలియం జెల్లీ పని, ఇందులో దాన్ని మించింది లేదు, ఆవిరయ్యే నీటిని దాదాపు 98 శాతం దాకా ఆపగలదు. ఈ మూడూ చవకే. మూడింటినీ కలిపిన మామూలు క్రీము మెడికల్ షాపులో దొరుకుతుంది. వేల రూపాయల సీసాలో అదనంగా ఉండేది వాసన, గాజు, మూత తిప్పినప్పుడు వచ్చే చప్పుడు.

కొల్లాజెన్ క్రీము గురించి ఒక్క మాట. అణువు బరువు సుమారు 500 డాల్టన్లు దాటితే చర్మం లోపలికి దిగడం కష్టమన్న లెక్క ఒకటి 2000 నుంచి వాడుకలో ఉంది. కొల్లాజెన్ బరువు సుమారు 3 లక్షల డాల్టన్లు. అది పైనే కూర్చుంటుంది, మాయిశ్చరైజర్‌లా పనిచేస్తుంది, ముడతల దాకా చేరదు.

కొబ్బరినూనె ఒంటికి, కాళ్లకు బాగుంటుంది. డిసెంబరు, జనవరి చలికి మోకాళ్ల కింద బూడిద పూసినట్టు తెల్లబడితే స్నానం చేసి తడి పూర్తిగా ఆరకముందే రాయండి. మొటిమలు వచ్చే ముఖానికి మాత్రం వద్దు, రంధ్రాలు మూసుకుపోతాయి.

సన్‌స్క్రీన్: డబ్బు పెడితే ఇక్కడ పెట్టండి

ఈ నగరం సుమారు 17 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది. మే 9, ఆగస్టు 3 ప్రాంతాల్లో మిట్టమధ్యాహ్నం సూర్యుడు సరిగ్గా నెత్తిమీదకొస్తాడు, నిటారుగా నిలబెట్టిన కర్రకు నీడ పడదు. వేసవి మధ్యాహ్నాల్లో ఎండలోని అతినీలలోహిత కిరణాల తీవ్రత చెప్పే యూవీ సూచీ 11 దాటుతుంది, ప్రపంచ ఆరోగ్య సంస్థ పట్టికలో అంతకు పైన మెట్టు లేదు. మన రంగు చర్మానికి ఎండ వల్ల వచ్చే ప్రధాన బాధ కాలడం కంటే మచ్చే. మంగు మచ్చలు ముదరడం, మొటిమ మానినచోట నల్లమచ్చ నెలల తరబడి ఉండిపోవడం, ఇవన్నీ ఎండతోనే ఎక్కువవుతాయి. మచ్చలకు సీరమ్ కొని సన్‌స్క్రీన్ మానేస్తే సీరమ్ డబ్బులు మూసీలో పోసినట్టే.

ఎస్‌పీఎఫ్ 30 చర్మాన్ని కాల్చే యూవీబీ కిరణాలను 97 శాతం ఆపుతుంది, 50 అయితే 98, 100 అయితే 99. ముప్పై నుంచి వందకు ఎగబాకి మీరు కొనేది రెండు శాతం. పైగా ఈ అంకె ప్రధానంగా యూవీబీ సంగతే చెబుతుంది. మచ్చల్లో, ముడతల్లో పెద్ద చేయి ఉన్న యూవీఏ సంగతి తెలియాలంటే పీఏ అక్షరాల పక్కన ప్లస్ గుర్తులు లెక్కపెట్టాలి. మూడుంటే బాగు, నాలుగుంటే ఇంకా బాగు. 'బ్రాడ్ స్పెక్ట్రమ్' అన్న మాట కూడా ఉండాలి. యూవీఏ కిటికీ అద్దం గుండా వస్తుంది కాబట్టి కారులో కూర్చునేవాళ్లకు, ఆఫీసులో అద్దాల గోడ పక్కన సీటు పడ్డవాళ్లకు కూడా ఇది వర్తిస్తుంది.

ఈ అంకెల్ని పరీక్షించేటప్పుడు చదరపు సెంటీమీటరుకు 2 మిల్లీగ్రాములు పూస్తారు. అంటే ముఖానికీ మెడకూ కలిపి సుమారు ఒక గ్రాము, చూపుడువేలు మధ్యవేలు పొడవునా గీసిన రెండు గీతలు. చాలామంది బఠాణీ గింజంత రాసి ఎస్‌పీఎఫ్ 50 రాసుకున్నామనుకుంటారు, దక్కేది అందులో చిన్న భాగం. సరైన మోతాదులో రోజుకు రెండుసార్లు రాస్తే 50 గ్రాముల ట్యూబు 25 రోజులకు అయిపోవాలి. మీది నాలుగు నెలలుగా నడుస్తోందంటే ఎంత తక్కువ రాస్తున్నారో లెక్క తేలిపోయింది. కాబట్టి రెండు సన్‌స్క్రీన్లను పోల్చేటప్పుడు ట్యూబు ధర చూడకండి, గ్రాము ధర చూసి దాన్ని 60తో గుణించండి. వచ్చిన మొత్తం నెలనెలా పెట్టగలరా? పెట్టలేకపోతే ఎంత గొప్పదైనా అది మీ సన్‌స్క్రీన్ కాదు. చేతికి అందే ధరలో ఉండి ధారాళంగా రాసుకోగలిగిన ఎస్‌పీఎఫ్ 30, పొదుపుగా రాసే ఖరీదైన 50 కంటే మేలు.

డబ్బా మీద 50 అని ఉంటే లోపల 50 ఉందా అన్నది కూడా న్యాయమైన సందేహమే. 2025లో ఈ విషయం మీదే రెండు పెద్ద కంపెనీలు ఒకరి ప్రకటనల మీద ఒకరు కోర్టుకెక్కాయి. 'ఇన్ వివో' పరీక్ష జరిగిందని, ఐఎస్ఓ 24444 పద్ధతి అని రాసినవాటికి నా ఓటు, అంటే మనుషుల చర్మం మీద కొలిచారని.

జింక్ ఆక్సైడ్, టైటానియం డయాక్సైడ్ ఉన్న మినరల్ రకాలు మంట పుట్టించవు, చిన్నపిల్లలకూ సున్నిత చర్మానికీ అవి నయం. చామనఛాయ ముఖం మీద బూడిద పూత కనిపించడం వాటి లోపం. మంగు ఉన్నవాళ్లు రంగు కలిపిన రకం, అంటే ఐరన్ ఆక్సైడ్ ఉన్నది చూసుకోవాలి. మామూలు వెలుతురు కూడా మంగును పెంచుతుంది, దాన్ని అడ్డుకునేది ఆ రంగే. మిగతావాళ్లకు జిడ్డు లేని జెల్ రకం చాలు. ఎండలో తిరిగేవాళ్లు రెండు గంటలకోసారి మళ్లీ రాయాలి. స్కూటీ మీద వెళ్లే అమ్మాయిలు కళ్లు మాత్రమే కనిపించేలా చుట్టే చున్నీకి ఏ లేబులూ లేదు కానీ, బట్ట కాస్త దట్టంగా ఉంటే అదే పెద్ద రక్షణ. మళ్లీ మళ్లీ రాయాల్సిన పనీ లేదు.

గచ్చిబౌలి, హైటెక్ సిటీ జనం కోసమే పుట్టినట్టు 'బ్లూ లైట్ ప్రొటెక్షన్' క్రీములు వచ్చాయి. ల్యాప్‌టాప్ తెర నుంచి వచ్చే నీలికాంతి పగటి వెలుతురులో ఉండేదాని ముందు లెక్కలోకి రాదు. రాత్రి షిఫ్టు చేసేవాళ్లు తెర కోసం సన్‌స్క్రీన్ రాసుకోనక్కర్లేదు. నిద్ర సంగతి వేరు, దానికి క్రీము లేదు.

సీరమ్‌లు ఒకవైపు, సున్నిపిండి ఒకవైపు

సీరమ్‌లలో నిలబడేవి కొన్ని ఉన్నాయి. నియాసినమైడ్, అంటే విటమిన్ బి3 రకం, మీద వచ్చిన మంచి ఫలితాలు ఎక్కువగా 2 నుంచి 5 శాతం మధ్యే. 10 శాతం అమ్మడానికి కారణం పక్క కంపెనీ 5 అమ్మడమే కావచ్చు. విటమిన్ సి, అంటే ఎల్-ఆస్కార్బిక్ ఆమ్లం, పనిచేస్తుంది కానీ గాలికి, వేడికి, వెలుతురుకు చెడిపోతుంది. మే నెల ఎండలో కొరియర్ బండిలో ఊరంతా తిరిగొచ్చిన సీసా తేనె రంగు దాటి గోధుమ రంగుకు వచ్చిందంటే తిరిగి పంపేయండి. విటమిన్ ఎ రకమైన రెటినాల్‌కు ముడతల మీద గట్టి ఆధారాలున్నాయి. దాని పెద్దన్న ట్రెటినాయిన్ మందు, డాక్టరు రాస్తేనే వాడాలి. గర్భం దాల్చినవాళ్లు, ఆ ప్రయత్నంలో ఉన్నవాళ్లు రెండింటి జోలికీ పోకూడదు.

రెటినాల్ పడనివాళ్లకని 'బకుచియోల్' సీరమ్‌లు అమ్ముతున్నారు, 'మొక్కల రెటినాల్' అని పేరు పెట్టి. అది తీసేది బావంచాల నుంచే, మన అమ్మమ్మలు సున్నిపిండిలో కచ్చూరాలతో పాటు వేసి పట్టించే అవే గింజలు. 2019లో అచ్చయిన ఒక పరీక్షలో 44 మంది 12 వారాలు వాడితే ముడతలు, మచ్చల విషయంలో బకుచియోల్ రెటినాల్‌కు సమానంగా నిలిచింది, మంట, చర్మం పొట్టు లేవడం తక్కువ. 44 మంది చిన్న సంఖ్యే, అయినా కొట్టిపారేయలేం.

అలాగని బేగంబజార్‌లో బావంచాలు కొని నూరి ముఖానికి పట్టిస్తే అదే ఫలితం వస్తుందా? ఇక్కడ జాగ్రత్త. ముడి గింజల్లో సొరాలెన్లు అనే పదార్థాలుంటాయి. అవి చర్మాన్ని ఎండకు రెచ్చగొడతాయి, బొల్లి వైద్యంలో ఈ గింజల్ని వాడేదే ఆ గుణం కోసం. సీరమ్‌కు వాడే శుద్ధి చేసిన బకుచియోల్‌లో వాటిని తీసేస్తారు. సున్నిపిండి పెట్టుకుని కడిగేసుకుంటే ఇబ్బంది తక్కువే, నలుగు పెట్టి ఎండలో కూర్చోబెడితే కథ వేరు. పిండి పట్టించేటప్పుడు బావంచాల పాళ్లు తగ్గించి పెసలు, శనగలతో సరిపెట్టుకోవడం మంచిది. మొటిమలున్న ముఖాన్ని దానితో గట్టిగా రుద్దడం అసలే వద్దు.

నిమ్మకాయదీ అదే గుణం. నిమ్మరసం రాసుకుని ఎండలోకి వెళితే బొబ్బలెక్కి నల్లగా మిగిలిపోయే ప్రమాదముంది. యూట్యూబ్ చిట్కాల్లో నేను ముందు కొట్టేసేది దీన్నే. పసుపుతో అంత ప్రమాదం లేదు, అంత అద్భుతమూ లేదు. ముల్తానీ మట్టి జిడ్డు లాగుతుంది, పొడి చర్మానికి ఇంకా పొడి చేస్తుంది. అంతకు మించి చెప్పడానికేమీ లేదు.

పార్లర్ నుంచి మెడికల్ షాపు దాకా

గోల్డ్ ఫేషియల్ తర్వాత వచ్చే మెరుపు మసాజ్‌ది, స్క్రబ్‌ది, క్రీము తేమది. రెండు మూడు రోజులుంటుంది. పెళ్లికి వెళ్లేందుకు సరదాగా చేయించుకుంటే తప్పేముంది, బంగారం ధర మాత్రం ఇవ్వకండి. బ్లీచ్ తెల్లబరిచేది ముఖం మీది నూగును, చర్మాన్ని కాదు.

తెల్లబడే క్రీముల సంగతికొస్తే, 1975లో వచ్చిన ఫెయిర్ అండ్ లవ్‌లీ 2020లో గ్లో అండ్ లవ్‌లీ అయింది. ముందువైపు మాట మారింది, నియాసినమైడ్ అప్పుడూ ఉంది, ఇప్పుడూ ఉంది. పుట్టుకతో వచ్చిన రంగును మార్చే కాస్మెటిక్ లేదు. ఇలాంటి పేరున్న క్రీముల వల్ల పోయేది ఎక్కువగా డబ్బే. వారంలో తెల్లబడతారని చెప్పే, లైసెన్సు నంబరు లేని, దిగుమతి రిజిస్ట్రేషన్ నంబరు లేని క్రీముల్లో మాత్రం పాదరసం ఉండే ప్రమాదముంది. కాస్మెటిక్స్‌లో పాదరసం పది లక్షల్లో ఒక వంతు మించి ఉండకూడదన్నది మన నియమం, కంటి సౌందర్య సాధనాలకు పరిమితి వేరు. కేరళలో ఇలాంటి తెల్లబడే క్రీములు వాడినవాళ్లకు కిడ్నీ జబ్బు రావడాన్ని అక్కడి డాక్టర్లు గుర్తించి బయటపెట్టారు. పెళ్లికి ముందు గ్లూటాథియోన్ డ్రిప్ ఎక్కిస్తామనే క్లినిక్‌లకు కూడా దూరంగా ఉండండి. తెల్లదనం కోసం ఆ ఇంజెక్షన్‌కు మన దగ్గర అనుమతి లేదు.

అన్నిటికంటే నష్టం చేసేది చవకగా, గల్లీ చివరి మెడికల్ షాపులోనే దొరుకుతుంది. బీటామెథాసోన్, మొమెటాసోన్, క్లోబెటసాల్ అన్న పేర్లున్న ట్యూబులు. ఇవి స్టెరాయిడ్లు, ఎగ్జిమా లాంటి జబ్బులకు కొన్నాళ్లు వాడే మంచి మందులు. ముఖానికి రాస్తే మొదటి వారాల్లో నున్నగా, తెల్లగా కనిపిస్తుంది, వదినకు చెబుతారు, వదిన చెల్లెలికి చెబుతుంది. నెలలు గడిచాక చర్మం పలచబడుతుంది, ఎర్రటి నరాలు తేలతాయి, మొటిమలు విరుచుకుపడతాయి, కొందరికి ముఖం మీద వెంట్రుకలు వస్తాయి. మానేస్తే ముఖం భగభగ మండుతుంది, ఆ మంట భరించలేక మళ్లీ రాస్తారు. తామరకు రాస్తే కొన్నాళ్లు దురద తగ్గి లోపల తామర పాకుతూనే ఉంటుంది. హైడ్రోక్వినోన్, ట్రెటినాయిన్‌లతో కలిపి మచ్చలకని అమ్మే మిశ్రమాల్లో కూడా స్టెరాయిడ్ ఉంటుంది. 2018లో కేంద్రం 14 రకాల స్టెరాయిడ్ పూతమందులను చీటీ లేకుండా అమ్మకూడదని షెడ్యూల్ హెచ్‌లో కట్టుదిట్టం చేసింది. కౌంటర్ దగ్గర అది ఎంతవరకు అమలవుతోందో మీ గల్లీలోనే చూడొచ్చు.

ఏ క్రీముకూ లొంగని నలుపు ఒకటుంది: మెడ వెనుక, చంకల్లో మందంగా, మురికి పట్టినట్టు వచ్చేది. పీచుతో రుద్దకండి. చాలాసార్లు అది ఇన్సులిన్ సరిగ్గా పనిచేయడం లేదని చర్మం చూపించే గుర్తు. ముందు షుగర్ పరీక్ష, తర్వాతే క్రీము సంగతి.

డాక్టరును ఎంచుకునేటప్పుడు బోర్డు మీద 'స్కిన్ అండ్ గ్లో' లాంటి పేర్లు వదిలేసి పేరు పక్కన అక్షరాలు చదవండి: ఎండీ డీవీఎల్, డీడీవీఎల్, లేదా చర్మవ్యాధుల్లో డీఎన్‌బీ. తెలంగాణ మెడికల్ కౌన్సిల్ నంబరు అడగడం మీ హక్కు. ఫీజు భారమైతే ఉస్మానియా, గాంధీ ఆసుపత్రుల్లో చర్మ విభాగం ఓపీ ఉంది, పొద్దున్నే వెళ్లాలి. ఇప్పటికే నెలల తరబడి స్టెరాయిడ్ క్రీము వాడుతున్నవాళ్లు దాన్ని ఒక్కరోజులో ఆపేయకుండా ముందు డాక్టరును కలవండి, మెల్లగా మాన్పించే పద్ధతి ఉంటుంది. వెళ్లేటప్పుడు ఆ ట్యూబును, అంతకుముందు వాడినవి ఏమైనా మిగిలుంటే వాటిని కూడా కవర్లో వేసుకుని తీసుకెళ్లండి. 'ఏదో తెల్ల క్రీము' అని చెబితే డాక్టరుకు ఏమీ తెలియదు.